ముందున్న ఉత్తరం

కంప్యూటరు తెర మీద మెయిల్ పంపే నీలం గీత మళ్ళీ మూడో వంతు దగ్గరే ఆగింది. మూడు గంటల ఐదు నిమిషాలు. నాలుగింటికి శ్రీకాకుళంలో ఆ నర్సింగ్ బడి గుమస్తా బల్ల సర్దేసుకుంటాడు. ఆ లోపల, బైరాగి కూతురు సుందరి పదేళ్ళూ తెలుగు మాధ్యమంలోనే చదివిందని నేను సంతకం చేసి ముద్ర వేసిన కాగితం అతని కంప్యూటరులో కనపడాలి. కనపడకపోతే సీటు జాబితాలో తర్వాతి అమ్మాయికి పోతుంది. ఇంతే విషయం, ఇంత చిన్న విషయం, అరపేజీ కాగితం, నాలుగు వాక్యాలు, అందులో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. కలకత్తా పిల్లకి తెలుగు చదవడం వచ్చా అండీ, రోగి చెప్పింది రాసుకోగలదా అని నిన్న సాయంత్రం ఫోనులో అడిగాడు ఆ గుమస్తా. వచ్చు, నేనే నేర్పాను అన్నాను. ఆ మాట కాగితం మీద కావాలండీ, రేపు నాలుగింటిలోగా మెయిల్ చెయ్యండి అన్నాడు. రేపు మాకు బంద్ అంటే, అది మీ ఊళ్ళో కదండీ అన్నాడు, నిజమే, మా ఊళ్ళోనే. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, ట్రాములు లేవు, బస్సులు లేవు, డాక్‌లో క్రేన్లు ఆగిపోయాయి, మోడ్ అనే మా కూడలిలో సైబర్ కేఫ్ షట్టరు దించి ఉంది, ఫ్యాక్స్ కొట్టు షట్టరు దించి ఉంది, ట్రామ్ పట్టాల మధ్య ఇటుకలు వికెట్లుగా పెట్టుకుని పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఈ ఊళ్ళో ప్రభుత్వంలో ఉన్నవాళ్ళే బంద్ చేస్తారు, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఎవరి మీద చేస్తారో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఖిదిర్‌పూర్ మొత్తంలో ఇవాళ పనిచేయవలసింది ఈ ఒక్క యంత్రం, అదీ చేయడం లేదు.

పదహారు రోజుల తర్వాత ఈ ఉదయమే దీని మీద ముసుగు తీశాను. ముసుగు నా భార్య ప్రసూన కుట్టింది, పాత వంగపండు రంగు చీర చెరగు, నాలుగు పక్కలా గోటంచు. మడిచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఒళ్ళోనే ఉంది. కాగితం స్కాన్ చేయడం మాత్రం నాకు వచ్చు. రఘురాం అనే కుర్రాడు రాసి ఇచ్చిన చీటీ ఉంది, చిన్న సైజు, రంగులో, ఎందుకంటే బడి ముద్ర ఊదా రంగు, నలుపులో పంపితే అసలో నకలో తెలియదంటారు. మొదటిసారి స్కాన్ చేస్తే కుడి పై మూలన పచ్చగా ఒక మరక వచ్చింది. కాగితం తీసి చూశాను, మరక లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అక్కడే మరక. దీపం పాడైపోయి ఉంటుంది, ఈ యంత్రాలకి వయసు రాకుండానే వృద్ధాప్యం వస్తుంది. ముద్ర కనపడుతోంది, సంతకం కనపడుతోంది, మరక సంగతి మరకది అనుకుని జత చేసి పంపు అని నొక్కాను. గీత కదలలేదు. ఆత్రంతో మళ్ళీ నొక్కాను. అదీ నేను చేసిన తప్పు, ఇప్పుడు కింద చిన్న పెట్టెలో రెండింటిలో ఒకటో సందేశం పంపుతున్నాను అని ఇంగ్లీషులో చెబుతోంది. రెండు సార్లు నొక్కినందుకు రెండు కాగితాలు చేసుకుంది కాబోలు. పిల్లలకి చెబుతూ ఉంటాను, తొందరపడి రెండుసార్లు రాసిన జవాబుకి మార్కులు రెండింతలు రావని.

ఫోను తీస్తే మోడెం ఈల. ఈ ఇంట్లో ఉన్నది ఒకటే లైను, ఇంటర్నెట్ నడుస్తుంటే ఫోను ఉండదు, ఫోను కావాలంటే ఇంటర్నెట్ తెంచాలి. వైద్యుడితో మాట్లాడాలంటే రోగి ఊపిరి తీయడం ఆపాలన్నట్టు. తెంచాను. రఘురాం సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ల ఆఫీసులో చేస్తాడు, వరంగల్ కుర్రాడు, రెండేళ్ళ క్రితం మా తెలుగు సంఘంలో ఆదివారాలు పెద్దవాళ్ళకి ఉచితంగా కంప్యూటరు నేర్పాడు. పద్దెనిమిది మంది చేరి, చివరికి మిగిలింది ప్రసూన ఒక్కతే. బంద్ అని తెలిసి నిన్న రాత్రే ఆఫీసులో పడుకున్నాడట, అక్కడి నంబరు ఇచ్చాడు.

"ఏం గాదు సార్, టెన్షన్ దీస్కోకున్రి. ఫైలు సైజు ఎంతుంది?"

"తొంభై."

"కేబీయే గదా. అరనిమిషంల పోవాలె. వైరస్‌ది ఒకటి ఉంటది, పోయే ప్రతి మెయిల్‌ని తెరిచి చూస్తది, దాని టిక్కు తీసెయ్యున్రి. తీసి మళ్ళ కనెక్ట్ కొట్టున్రి."

తెరిచి చూస్తుందట. నాలుగు వాక్యాల్లో ఏం దొరుకుతుంది దానికి. టిక్కు తీశాను. మోడెం మళ్ళీ మొదలుపెట్టింది, ముందు డయల్ శబ్దం, తర్వాత గొంతు పట్టేసిన పక్షిలా ఒక కూత, తర్వాత రేకు మీద గులకరాళ్ళు దొర్లించినట్టు. ప్రసూన ఆ శబ్దం వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి, అదిగో అందుకుంది అనేది. ఏది దేన్ని అందుకుందో నేనెప్పుడూ అడగలేదు. అందుకుంది. నీలం గీత బయల్దేరింది. పాకింది, పాకింది, మూడో వంతు దగ్గర ఆగింది. మూడు గంటల పద్నాలుగు.

గుమ్మంలో బెంచీ మీద బైరాగి కూర్చుని ఉన్నాడు. రెండింటి నుంచి ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మా బడిలో తల్లిదండ్రుల రోజున కూర్చున్నట్టే. డాక్‌లో లాక్‌గేటు దగ్గర తాళ్ళ పని, ఇరవై ఆరేళ్ళు, తండ్రి కూడా అదే పని. ఒకసారి మంచినీళ్ళిచ్చాను, తాగి గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చాడు.

"ఏటి మాస్టారూ, ఎల్లినాదేటి?"

"ఇంకా లేదు."

"నెమ్మదిగా సూడండి. కంగారు నేదు."

కంగారు లేదంటాడు, కుడి కాలు మాత్రం నేల మీద తాళం వేస్తూనే ఉంది. సుందరి రాలేదా అని అడిగాను. "అది రాదు బాబూ. దేవుడి మూల కూకుంది. అమ్మగోరు నేని ఇంటికి రానేనంటాది." ఆ మాట అన్నాక ఇద్దరం గీత వైపు చూశాం, చూడ్డానికి అదొకటి ఉండటం మంచిదయింది.

వేరే దారి ఒకటుందని రఘురాం ఇందాక ఫోనులోనే అన్నాడు, ఈ ప్రోగ్రాం వదిలేసి కంపెనీ వాళ్ళ సైటులోకే వెళ్ళి అక్కడ్నుంచి పంపొచ్చట. వెళ్ళాను. పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ ఈ ప్రోగ్రాంకి తెలుసు, నాకు తెలియదు. లోపల సెట్టింగుల్లో ఉంది, ఏడు నల్ల చుక్కలు. ఒక్కో చుక్క వెనక ఒక్కో అక్షరం. ఏడు అక్షరాలు ఏమై ఉంటాయి. ఆమె పేరు, నా పేరు, మా వీధి పేరు, మా బడి పేరు, అన్నీ కొట్టి చూశాను, టెక్కలి కూడా ఇంగ్లీషులో ఏడే, అదీ కాదు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం తర్వాత ఒక మనిషి ఏ ఏడు అక్షరాలు అనుకుంటుందో తెలియకపోవడం. కోపం వచ్చింది, ఆమె మీదే. గ్యాసు బుక్ చేసే నంబరు గోడ మీద రాసింది, పాలవాడి నంబరు రాసింది, నా మందులు ఏది పొద్దున్న ఏది మధ్యాహ్నమో డబ్బా మూత మీద రాసింది, ఇది మాత్రం రాయలేదు. మీకెందుకండీ, నేనున్నాను కదా అంది. అన్న మాటకి కట్టుబడి ఉండాలని ఆరో తరగతి పిల్లలకి చెబుతాం. నేనూ చెబుతాను, ఆమె కూడా చెప్పేది.

మూడు గంటల ఇరవై మూడు. మళ్ళీ తెంచాను, మళ్ళీ రఘురాం.

"సర్వర్ టైమవుట్ అని ఉంటది సార్, సెట్టింగ్స్‌ల చివరి పేజీ. ఒక మిన్‌ట్ ఉందా? దాన్ని ఐదు మిన్‌ట్లకి జరుపున్రి. ఓపిక పెంచినట్టు."

ఓపిక పెంచాను. దాని ఓపిక. ఇంతకుముందు ఒక్క నిమిషంలో కుదరలేదు అని చెప్పేసేది, ఇప్పుడు ఐదు నిమిషాలు ఊరించి చెబుతుంది, అంతే తేడా. నాకు మా పాత హెడ్మాస్టరు జ్ఞాపకం వచ్చాడు, కాదని చెప్పడానికి కూడా కుర్చీ వేసి టీ ఇప్పించేవాడు. ఐదు నిమిషాలు గీతని చూస్తూ కూర్చోవడం. కిటికీలోంచి పిల్లల కేకలు, ఎవడో బౌల్డ్ అయ్యాడు, వాడు ఒప్పుకోవడం లేదు, ఇటుక తగల్లేదంటున్నాడు, హబే నా, హబే నా, చెల్లదు చెల్లదని. వీధిలో వాహనం లేకపోతే ఈ ఊరు ఎంత వెడల్పు. ఆ రోజూ అంతే అనిపించింది, ఆస్పత్రి నుంచి వస్తుంటే, అప్పుడు బంద్ లేదు, బస్సులూ ట్రాములూ అన్నీ నడుస్తున్నాయి, అయినా రోడ్డు ఖాళీగా ఉన్నట్టు ఉంది. బుధవారం. సాయంత్రం బడి అయ్యాక నాకు టీచర్ల సమావేశం ఉంది, ఆమె ముందు బయల్దేరింది. ట్రామ్ డిపో దగ్గర దిగి నాలుగడుగులు వేసి పళ్ళ బండి పక్కన కూర్చుండిపోయింది. పళ్ళబండి అతను, దీదీ బసూన్, దీదీ జల్ ఖాన్ అని నీళ్ళిచ్చాడట. చేతి సంచిలో పిల్లల లెక్కల పుస్తకాలు ఉన్నాయి, సగం దిద్దినవి. మిగతా సగం నేను దిద్దాను. పన్నెండో రోజు అయ్యాక దిద్దాను. ఎర్ర సిరాతో కాదు, ఆమె వాడేది ఆకుపచ్చ, ఆమె పెన్నుతోనే దిద్దాను, ఎక్కడ ఆమె చేతివ్రాత ఆగి నాది మొదలయిందో పిల్లలకి తెలియకూడదని. తెలిసింది. ఒకడు పుస్తకం అందుకుని ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

కుదరలేదు. ఐదు నిమిషాలు పూర్తి చేసి మరీ చెప్పింది. మూడు గంటల ముప్పై. ఇది నాలుగు వాక్యాల కాగితం. అరనిమిషంలో పోవాలి అన్నాడు. ఏం బరువుంది దీనికి. ఇంకా ఒక టిక్కు ఉందని రఘురాం చెప్పాడు, నా సర్వరుకి గుర్తింపు కావాలి అనే గడి, అది అప్పటికే పెట్టి ఉంది, ప్రసూన పెట్టింది. ఆమె అన్నీ సరిగ్గానే పెట్టింది. అన్నీ సరిగ్గా ఉండి పనిచేయకపోవడాన్ని ఎలా సరిచేయాలి.

పోనీ పోయిందే అనుకుందాం, సీటు వచ్చిందే అనుకుందాం, ఆ పిల్ల ఉండేదెక్కడ. హాస్టల్లో చోటు దసరా తర్వాత గానీ ఖాళీ కాదు. ఆ నాలుగు నెలలు టెక్కలిలో మా వదిన నారాయణమ్మ ఇంట్లో ఉండి బస్సులో వెళ్ళి రావచ్చని ప్రసూన ఆలోచన. అక్కకి రాసేశానండీ, పై గది సర్దమని, అంది ఆ బుధవారం పొద్దున్న చెప్పులు వేసుకుంటూ. నేను సరే అన్నాను. అవునో కాదో నేను ఆమెతో అన్న చివరి మాట అదే, సరే. వదిన మూడో రోజుకి రైలు దిగింది, పన్నెండో రోజు దాటేదాకా ఉంది, ఇల్లంతా తుడిచింది, ఏడ్చింది, వండింది, బైరాగి వస్తే, నువ్వేనా సుందరి తండ్రివి అని కూడా అనలేదు. పై గది మాట ఎత్తలేదు. చెల్లెలు పోయాక చెల్లెలు ఇచ్చిన మాటతో తనకేం పని అనుకుంది కాబోలు అనుకున్నాను. అడగలేదు. నేను అడిగే మనిషిని కాను. రైలెక్కిస్తూ కూడా అడగలేదు, ఆమె కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, మరిదిగారూ తిండి మానకండి అంటుంటే, లోపల ఒక చిన్న రాయిలా ఆ సంగతి కదిలింది, చెయ్యి వదిలించుకున్నాను. ఆమె గమనించింది.

"మాస్టారూ." బైరాగి లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. బెంచీ మీంచి ఇంత దూరం రావడానికి గంటన్నర పట్టింది అతనికి. "ఒక మాట సెప్తే ఏటనుకోరు గదా."

"చెప్పు."

"తవరిది సిన్న కాయితం. అవునా. అయినా కదల్దు. మా లాక్‌గేటు కాడ ఇలాగే అవుద్ది. గంగలో జోయార్, అదే పోటు, వచ్చినాది, నీరుంది, గేటు తీసుంది, సిన్న పడవ, ఇట్టే లోనికొచ్చీయాల. రాదు. ఆ పడవోడు ఇంజనుని తిడతాడు, మమ్మల్ని తిడతాడు, తాడు మార్చమంటాడు. తప్పు ఆడిది కాదు, మాది కాదు. ముందల పెద్ద ఓడ అడ్డంగా ఉంటాది. అది దాటితే గాని ఈడు దాటడు. లాకు ఒకటే గదా బాబూ." వేలు తెర మీద ఆనించకుండా ఆ చిన్న పెట్టె దగ్గర ఆపాడు. "ఈ రెండు ఏటి?"

"రెండింటిలో ఒకటోది పంపుతోందట. నేను రెండుసార్లు నొక్కాను."

"ఒకటోది తవరిదేనేటి?"

ఒకటోది నాదే అని అనబోయాను. ఏడాదిన్నర నుంచి ఈ యంత్రం ఆమెది, ఈ చిరునామా ఆమెది, ఇందులో ఒకటో నంబరు నాదెందుకు అవుతుంది. హాజరుపట్టీలో మొదటి పేరు తనదే అనుకునే పిల్లవాడిలా ఇంతసేపూ. పోవలసిన ఉత్తరాలు వేచి ఉండే పెట్టె ఒకటి ఎడమపక్కన ఉంది, పేరు పక్కన బ్రాకెట్లో రెండు అని ఉంది, పొద్దున్నించీ ఉంది. తెరవలేదు. ఆమె పెట్టెలు ఏవీ తెరవలేదు నేను, బీరువా కూడా తెరవలేదు. నొక్కాను.

రెండు వరసలు. కింద నాది, ఇవాళ్టి తేదీ, తొంభై. పైన ఇంకొకటి. బుధవారం, పొద్దున్న ఎనిమిది ఇరవై. నారాయణమ్మ వాళ్ళ ఊరి నెట్ సెంటరు చిరునామా. విషయం దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, సుందరి వస్తోంది. సైజు పన్నెండు వేల చిల్లర. నాది తొంభై, ఇది పన్నెండు వేలు. ఫోను తీగంత సన్నని కాలువలో ఇంత ఓడ. పదహారు రోజులుగా లాకు మధ్యలో నిలబడి ఉంది.

వదినకి ఆ ఉత్తరం అందనే లేదు.

ఎందుకింత పెద్దదో నాకు తెలుసు. తెరవకుండానే తెలుసు. తెలుగు అక్షరాలు ఈ కంప్యూటరులో కొడితే ఆ కంప్యూటరులో గళ్ళు గళ్ళుగా కనపడతాయని ప్రసూన ఉత్తరాలన్నీ కాగితం మీద చేత్తో రాసి, స్కాన్ చేసి, బొమ్మగా పంపేది. టెక్కలి నెట్ సెంటరు అబ్బాయి అది కాగితం మీద తీసి, చదువు రాని మా వదినకి చదివి ఇచ్చేవాడు. ఆదివారం ఫోనులో చెప్పొచ్చు కదా అంటే, ఫోనులో చెప్పిన మంచి మాటకి పసుపెక్కడ పెడతారండీ అనేది. మంచి వార్త అయితే కాగితం నాలుగు మూలలా పసుపు తడిపి అద్దాలి, వాళ్ళ నాన్న అద్దేవాడు, ఆమె అద్దేది. మొదటిసారి పంపినప్పుడు, పోయినేడు, బడిలో ఆమెకి పెద్ద పంతులమ్మ పదవి వచ్చిందని రాసి, పసుపు పెట్టి, స్కాన్ చేసి పంపింది. నలుపు తెలుపులో చేసింది. అక్కడ ఆ కాగితం నాలుగు మూలలా మసి పూసుకుని బయటికి వచ్చింది. మూలల నలుపు చూశాక చావు కబురని వేరే చెప్పాలా. అబ్బాయి ఒక్క ముక్క చదివేలోపు మా వదిన కూలబడి ఏడ్చిందట, సెంటరు బయట జనం పోగయ్యారట, ఎవరో టవలు తడిపి ముఖం తుడిచి, అమ్మా పెద్ద పంతులమ్మ అయిందట అంటే, మూలలు నల్లగుంటే పంతులమ్మ ఏటిరా అని వాణ్ణి కొట్టబోయిందట. ఆ సాయంత్రం ఫోనులో అక్కాచెల్లెళ్ళు అరగంట నవ్వుకున్నారు. ఆ తర్వాత ప్రసూన రంగుకి, దానిమీద అన్నిటికన్నా పెద్ద సైజుకి మార్చేసింది. పసుపు పసుపులా కనపడాలండీ అంది. రఘురాం చీటీ నాకిచ్చిందే గానీ తను చూడలేదు. రెండు మూడు నెమ్మదిగా పోయాయి, పోయాయి గదా అంది. ఈసారి పోలేదు.

మూడు నలభై రెండు. ఆపు అని నొక్కాను, ఆగడానికి కూడా ఒక నిమిషం తీసుకుంది. తొలగించు అనే గుర్తు పైన ఉంది, ఎర్రని గుణకారపు గుర్తు, నా విద్యార్థుల తప్పు జవాబుల పక్కన ముప్పై ఏళ్ళుగా పెట్టినట్టిదే. చెయ్యి అక్కడికి పోలేదు. ఉంచలేను కూడా. నేను కనెక్ట్ చేసిన ప్రతిసారీ ఇది ముందుకు తోసుకుంటుంది, ఏదో ఒక రోజు లైను బాగున్నప్పుడు దాటేస్తుంది, దాటితే టెక్కలిలో ఆ అబ్బాయి తీసి ఇస్తాడు, చెల్లెలి పన్నెండో రోజు చేసి వచ్చిన మనిషికి చెల్లెలి చేతి పసుపు. ఒకసారి మంచి కబురు చూసి చావనుకుని ఏడ్చింది. ఇది అంతకంటే ఘోరం.

"ఏటి మాస్టారూ. అమ్మగోరిదేనేటి?"

"అవును."

అతను ఆ పై వరస వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత అన్నాడు, "ముక్కలు సెయ్యక్కర్నేదు బాబూ. మేవైతే లాగి పక్క బెర్తులో కట్టీస్తాం."

పక్కన చిత్తుప్రతుల పెట్టె ఉంది. మౌస్ నొక్కిపట్టి లాగాను. మధ్యలో జారింది, మళ్ళీ పట్టుకున్నాను. పెట్టె మీద వదిలాను. వెళ్ళింది. బ్రాకెట్లో రెండు ఒకటి అయింది. మోడెం మళ్ళీ డయల్ చేసింది, కూసింది, గులకరాళ్ళు దొర్లించింది. అందుకుంది, అన్నాను, పైకే అన్నాను. ఒకటిలో ఒకటో సందేశం. నీలం గీత మూడో వంతు దగ్గరికి వచ్చింది, నేను కళ్ళు మూసుకున్నాను, ఎందుకో, ఇన్నిసార్లు చూసినవాణ్ణి. బైరాగి చెయ్యి కుర్చీ వీపు మీద పడింది. తెరిచేసరికి గీత లేదు, పెట్టె లేదు, ఏమీ లేదు, ఖాళీగా తెల్లగా ఉంది తెర. మూడు యాభై ఒకటి.

"ఎలిపోనాది," అన్నాడు బైరాగి.

లైను తెంచి శ్రీకాకుళం చేశాను. గుమస్తా తీశాడు. ఉండండి చూస్తాను అన్నాడు. ఎవరో ఫైళ్ళు జరుపుతున్నారు, ఎవరో టీ తెమ్మంటున్నారు, అక్కడ బంద్ లేదు. "ఆఁ, వచ్చిందండీ. సుందరి, తండ్రి బైరాగి. సరిపోయింది. ముద్ర బాగా కనపడుతోంది." మౌస్ నొక్కిన చప్పుడు వినపడింది. "మూల పసుపు కూడా పెట్టారు మాస్టారూ. సర్టిఫికెట్టుకి ఎవరూ పెట్టరు గానీ, బాగుందండీ. కలకత్తా అంటే నేనింకేదో అనుకున్నాను. మంచిది, పిల్లని పదో తారీఖుకి పంపండి."

పసుపా అన్నాను. ఫోను పెట్టేసిన తర్వాత అన్నాను. స్కానరు మూత ఎత్తాను. కాగితం తీశాను. అద్దం మీద మూలన, గోరంత మేర, ఎండి పొడిబారి. ఆ పొద్దున్న బడి గంట వేళయింది, తడి ఆరకముందే ప్రసూన ఉత్తరాన్ని బోర్లించి మూత వేసి ఉంటుంది. పొద్దున్న ఈ మరకని దీపం జబ్బు అనుకున్నాను. వేలితో తాకాను, వేలికి కొంచెం వచ్చింది. ఏటిమైల ఉన్న ఇంట్లోంచి పసుపు పెట్టిన కాగితం పంపకూడదు. పంపాను. పంపింది నేను కాదు.

బైరాగి నా వేలు చూశాడు, అద్దం చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. "పిల్లతో సెప్పొస్తాను," అని మెట్లు దిగబోయి ఆగాడు. "ఉండే సోటు గురించి తవరు బెంగెట్టుకోకండి మాస్టారూ. ఏటో ఒకటి సూద్దాం."

"ఉండు," అన్నాను. "విని వెళ్ళు."

టెక్కలి నంబరు గోడ మీద ఉంది, ఆకుపచ్చ సిరాతో. నాలుగు రింగులు.

"మరిదిగారూ. ఏటి ఈ ఏళప్పుడు. తిన్నారా?"

"తిన్నాను. వదినా, ప్రసూన మీకొక ఉత్తరం రాసింది. ఆ రోజు పొద్దున్న. అది పోలేదు, ఇక్కడే ఉండిపోయింది. మీకు అందిందనుకుని..." రైలు కిటికీ దగ్గర వదిలించుకున్న చెయ్యి గురించి చెప్పడానికి మాట దొరకలేదు. "తప్పు నాది. సుందరి అని ఒక అమ్మాయి గురించి రాసింది. మీ పై గదిలో నాలుగు నెలలు."

లైను తెగిందేమో అనుకున్నాను.

"నాకు రాసినాదా," అంది. "నాకు ఏటీ సెప్పకుండా ఎలిపోనాదనుకున్నాను." ముక్కు చీదింది. "పిల్లని పంపండి. గది ఉంది. గదికేటి. కాయితం తవరి దగ్గిరుందేటి?"

"కంప్యూటరులో ఉంది. పంపడం నాకు..."

"పంపొద్దు. సదవండి."

చిత్తుప్రతుల పెట్టె తెరిచాను. ఉత్తరం మీద నొక్కాను. బొమ్మ పెద్దది కదా, పైనుంచి కిందికి మెల్లగా తెర పరుచుకున్నట్టు వచ్చింది, ముందు రెండు పసుపు మూలలు, తర్వాత ఖిదిర్‌పూర్, బుధవారం అని కుడిపక్కన, తర్వాత ఆమె గుండ్రటి అక్షరాలు ఒక్కో వరస.

"పసుపెట్టినాదా?" అని అడిగింది వదిన.

"నాలుగు మూలలా."

"మరి సదవండి. నెట్ సెంటరు కుర్రోడిలాగ తొందరగా కాదు. ఒక్క ముక్క కూడా ఒగ్గీకండి."

మొదటి వాక్యం దగ్గర ఆగాను. ముప్పై ఏళ్ళుగా పిల్లల లేఖారచనల్లో ఆ వాక్యాన్ని కొట్టేస్తూ వచ్చాను. రాయడానికి ముందు అది నిజమో కాదో చూసుకోండి, అలవాటుగా రాసిన మాట మాట కాదు అని పక్కన రాసేవాణ్ణి. ప్రసూన ఆ పుస్తకాలు చూసి, అది వార్త కాదండీ, గుమ్మం, దాటకుండా లోపలికెలా వస్తారు అనేది. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. గుమ్మంలో బైరాగి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. కింద వీధిలో పిల్లలు ఆట ఆపి ఇటుకలు తీసేస్తున్నారు.

"సదవండి మరిదిగారూ."

చదివాను. "అక్కా, ఇక్కడ మేమందరం క్షేమం."